పోషణమే ప్రథమ పూజ

వాకిట ముగ్గు, పెరటిలో తులసికోట, దేవుని మందిరమున దీపము గల యిల్లు లక్ష్మీనివాసమని మన పెద్దల విశ్వాసము. ఈ మూడింటిలో ముగ్గును ప్రతిదినము క్రొత్తగా వేయవచ్చును. దీపమును మరల వెలిగింపవచ్చును. తులసి యట్లు కాదు. అది ప్రాణము గలది. దానికి ఆకలిదప్పులున్నవి, ఎండ చలి తగులుచున్నవి. శ్రద్ధ చూపినచో పెరుగును, ఉపేక్షించినచో వాడును. కావున గృహస్థుని భక్తిని దినదినము పరీక్షించునది తులసికోటయే యనవచ్చును.

నేడు మన కుటుంబములలో పెక్కు పెరడు లేని యిండ్లలో, అపార్టుమెంటులలో నివసించుచున్నవి. పెరడు పోయినను మొక్కపై మమకారము పోలేదు. అది సంతోషింపదగిన విషయము. కాని పురాణకాలక్షేపము ముగిసిన పిమ్మట గృహిణులు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: “స్వామీ! మా యింట తులసి నిలుచుట లేదు. ఎన్నిసార్లు నాటినను ఎండిపోవుచున్నది. ఇది యేదైన అరిష్టసూచనయా?” ఈ ప్రశ్న వెనుక నిజమైన భయమున్నది. అదే సమయమున ఇంటిలో ఎవరికైన జబ్బు చేసినచో ఆ భయము రెట్టింపగును. కొందరు ఈ భయముచేతనే తులసిని పెట్టుట మానివేయుచున్నారు.

వారందరికిని చెప్పవలసిన సమాధాన మొక్కటియే. మొక్కను పూజించుటకు ముందు పోషింపవలెను. పోషణమే ప్రథమ పూజ. తులసి యెండినప్పుడు మొదట వెదకవలసినది శకునశాస్త్రమున గాదు, కుండీలోని మట్టిలో.

పూర్వుల మార్గము

ఆళ్వారులలో ఇరువురు తోటపనినే కైంకర్యముగా స్వీకరించిన మహనీయులు. శ్రీవిల్లిపుత్తూరున విష్ణుచిత్తులు నందనవనమును పెంచి వటపత్రశాయికి మాలలు సమర్పించిరి. ఆ వనములోని తులసిమొక్కలకడనే ఆయనకు గోదాదేవి లభించెను. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద ఆ తండ్రికూతుళ్ల కథను తెలుగువారికి అందించిన మహాకావ్యము. శ్రీరంగమున విప్రనారాయణులు తులసీపుష్పమాలా కైంకర్యమునే జీవితవ్రతముగా గైకొనిరి. సారంగు తమ్మయ కవి తన వైజయంతీవిలాసమున ఆయన చరిత్రమునే కావ్యవస్తువుగా గ్రహించెను.

తిరుమల యాత్రికులకు మూడవవారైన అనంతాళ్వారు మఱింత సన్నిహితులు. వేంకటాచలమున స్వామికి పుష్పకైంకర్యము చేయుటకు ఎవరు వెళ్లగలరని భగవద్రామానుజులు శిష్యుల నడిగినపుడు, కొండచలికిని అడవికిని జంకక లేచి నిలిచినవారాయన. నేలను చదును చేసి తోట వేసిరి. తోటకు నీటికై చెరువు త్రవ్విరి. గర్భవతియైన ఆయన భార్య తట్టతో మట్టి మోసినదనియు, ఆమెకు సాయము చేయవచ్చిన బాలుని ఆయన గునపముతో కొట్టగా ఆ గాయము గర్భాలయమున స్వామి గడ్డమునందు కనబడెననియు, నాటినుండియే ఆ గడ్డమునకు పచ్చకర్పూరము నద్దుచున్నారనియు సంప్రదాయము. ఆ గునపమును ఆలయ మహాద్వారముకడ యాత్రికులు దర్శింపవచ్చును. బ్రహ్మోత్సవములు ముగిసిన మరునాడు స్వామి ఆయన తోటకు వేంచేయు ఉత్సవమునకే బాగ్‌సవారి యని పేరు.

ఈ మువ్వురి చరిత్రలలోను మాలకంటె ముందు మట్టి యున్నది. పూలు కోసిన చేయి మొదట పాదు చేసినది, నీరు మోసినది. మనకు అంత తోట లేకపోవచ్చును. నాలుగు కుండీలు చాలును. గీత తొమ్మిదవ అధ్యాయమున భగవానుడు తనకు ప్రీతికరములుగా పేర్కొన్న పత్రము, పుష్పము, ఫలము, తోయము అను నాలుగింటిలో మొదటి మూడును మొక్కనుండి వచ్చునవే. నాలుగవది మొక్కకు మనము పోయునది.

స్థలపరీక్ష

ఇల్లు కట్టుటకు ముందు స్థలమును పరీక్షించినట్లే మొక్కను కొనుటకు ముందు ఎండను పరీక్షింపవలెను. పలువురు నర్సరీకి వెళ్లి కంటికి నచ్చిన మొక్కను తెచ్చి, తరువాత దానికి చోటు వెదకుదురు. ఇది తారుమారైన పద్ధతి. ముందుగా ఒక సెలవుదినమున ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము బాల్కనీలో ఎండ యెచ్చట పడుచున్నదో, ఎన్ని గంటలు నిలుచుచున్నదో చూచి వ్రాసికొనవలెను. మన కోరిక ననుసరించి గాక, ఆ లెక్క ననుసరించి మొక్కను తేవలెను.

తూర్పు ముఖముగా నున్న బాల్కనీ ఉత్తమము. ఉదయపుటెండ మృదువైనది; తులసికిని పెక్కు పూలమొక్కలకును హితము. పడమటి బాల్కనీకి ఎండ చాలినంత వచ్చును గాని వేసవి మధ్యాహ్నములలో తీక్ష్ణముగా నుండును. ఆ రోజులలో పలుచని గుడ్డ నడ్డము కట్టవలెను. చలికాలమున సూర్యుడు దక్షిణముగా సంచరించుటచే దక్షిణపు బాల్కనీకి ఎండ లోపలివరకు వచ్చును. ఉత్తరపు బాల్కనీకి ఆ నెలలలో ఎండ సోకదు. వేసవిలో మాత్రము కొంతకాలము తగులును. ఈశాన్యమున తులసి యుండవలెనను నియమమును పాటింపగోరువారు ఆ మూలకు ఎండ వచ్చుచున్నదో లేదో కూడ చూడవలెను. ఎండ రానిచో తులసిని డాబాపై పెంచుకొనవచ్చును. చీకటిమూలలో మొక్కను శుష్కింపజేయుట ఏ శాస్త్రమునకును సమ్మతము గాదు.

తులసి

కుండీ వెడల్పును లోతును పండ్రెండంగుళములకు తగ్గరాదు. అడుగున రంధ్రము తప్పక యుండవలెను. అందముగా నున్నదని రంధ్రము లేని యిత్తడి పాత్రలోను, పింగాణి కోటలోను తులసిని నాటుట దానికి ప్రాణాంతకము. పోసిన నీరు అడుగున నిలిచి వేరు కుళ్లును. కోట అందముగా నుండవలెనన్నచో రంధ్రమున్న మట్టికుండీలో మొక్కను నాటి, ఆ కుండీని కోటలో నుంచవచ్చును. రెండుపాళ్లు ఎర్రమట్టి, ఒకపాలు ఇసుక, ఒకపాలు బాగుగా చివికిన పశువుల యెరువు కలిపినచో తులసికి సరిపడు మట్టి సిద్ధమగును. పచ్చిపేడ వేయరాదు, దాని వేడికి వేళ్లు మాడును.

ప్రతిదినము నీరు పోయుట ఆచారమే. కాని వానకాలమున మట్టి తడిగా నున్నప్పుడు కూడ చెంబెడు నీరు కుమ్మరించుట ఆచారము గాదు, అలవాటు. వ్రేలిని మట్టిలో ఒక అంగుళము లోతునకు గ్రుచ్చి చూడవలెను. తడి తగిలినచో ఆ దినమున ఉద్ధరిణెడు నీరు మంత్రపూర్వకముగా సమర్పించి నమస్కరించిన చాలును. పొడిగా నున్నచో అడుగు రంధ్రమునుండి వెలువడునంతవరకు పోయవలెను. నడివేసవిలో రెండుపూటల అవసరము కావచ్చును.

తులసి యెండుటకు ఇండ్లలో నేను చూచిన కారణములు ఇవి. మొదటిది ఎండ చాలకపోవుట. రెండవది నీరు నిలుచుట. మూడవది పసుపు, కుంకుమ, పాలు, అభిషేకజలము నిత్యము మొదట పోయుట. కొలదిగా పసుపు వేసిన దోషము లేదు గాని, పొరలు పొరలుగా పేరుకొన్నచో మట్టి గట్టిపడి వేళ్లకు గాలి యాడదు. పాలు పులిసి చీమలను, బూజును తెచ్చును. కుంకుమను కోటకు అలంకరింపవలెను, మట్టికి గాదు. నాలుగవది దీపము. కార్తికమాసమున భక్తితో పెట్టిన దీపము కాండమునకు తగులునంత దగ్గర నుండినచో ఆకు మాడును, బెరడు కాలును. దీపమునకు కోటముందు గూడు కట్టుట పూర్వుల యేర్పాటు. గూడు లేనిచో మూరెడు దూరమున పెట్టవలెను. ఐదవది వెన్నులను త్రుంచకపోవుట. మంజరులు వచ్చి గింజ కట్టినచో మొక్క తన పని ముగిసినదని భావించినట్లు ఆకు రాల్చి ముదురును. లేతవెన్నులను అప్పుడప్పుడు త్రుంచి స్వామికి సమర్పించినచో మొక్క క్రొత్త చిగురు వేయును. మంజరి స్వామికి ప్రీతికరమని సంప్రదాయము చెప్పుచున్నది. పూజయు పోషణయు ఇచ్చట ఒక్కటే యైనవి.

ఈ యైదింటిలో ఏదియు లేకున్నను తులసి యెండవచ్చును. ఏలయన కుండీలోని తులసి సాధారణముగా రెండు మూడు సంవత్సరములకు ముదిసి కట్టెవారును. పుష్యమాసపు చలికి ఆకు రాల్చును. ఇది దాని స్వభావము; దేహధర్మము. కావున ఆరోగ్యముగా నున్న నాటి గింజలనే కొన్ని సేకరించి, వేరొక చిన్నకుండీలో మట్టిపై చల్లి, పలుచగా ఇసుక కప్పి, తడి యారకుండ చూచినచో ఒకటి రెండు వారములలో నారు మొలచును. తల్లిమొక్క ముదియునప్పటికి పిల్లమొక్క సిద్ధముగా నుండును. ఎండిన తులసిని చెత్తలో వేయక, కాండమును పూసలకో, హోమసమిధకో ఉపయోగించి, మిగిలినదానిని మట్టిలో కలుపవలెను. భయపడవలసిన పని లేదు.

తులసిని ద్వాదశినాడు, సాయంకాలము, రాత్రి కోయరాదను నియమము ప్రసిద్ధము. ఆదివారమున కూడ కోయనివారు గలరు. వారి వారి గృహాచారము ననుసరింపవలెను. తులసికి నిలువదోషము లేదు గనుక ముందునాటి దళములతో ఆ దినములలో అర్చింపవచ్చును. ఈ విరామమువలన మొక్కకు కలుగు మేలు తోట పెంచువారందరికిని తెలిసినదే.

పూలమొక్కల యెంపిక

నాలుగైదు గంటల ఎండ వచ్చు చోట నందివర్ధనము మిక్కిలి అనుకూలము. కొమ్మ నాటిన బ్రదుకును. సంవత్సరములో పెక్కు నెలలు తెల్లని పూలనిచ్చును. ఎండ కొంచెము తగ్గినను ఓర్చుకొనును. మొదటిసారి మొక్కను పెంచువారికి దీనిని మించినది లేదు. మందారమునకు నిండైన ఎండ కావలెను. దానికి పట్టు పిండినల్లిని మొదటనే గమనించి నీటిధారతో కడిగివేయవలెను. తగ్గనిచో లీటరు నీటికి చిన్నచెంచాడు వేపనూనె, కొంచెము సబ్బునీరు కలిపి సాయంకాలము ఆకుల అడుగున చల్లవలెను. మరునాడు ఆ పూలను కోయక విడువవలెను.

మల్లెకు రహస్యము కత్తిరింపులో నున్నది. ఏడాది పొడుగున నీరు పోసి, ఎరువు వేసి, పూయలేదని విచారించువారు పలువురు. మార్గశిర పుష్యమాసములలో నీరు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలను మూడవవంతు కత్తిరించి, పిమ్మట ఎరువు వేసి నీరు పెట్టినచో వేసవి ప్రారంభమునకు క్రొత్త కొమ్మలపై మొగ్గ తొడుగును. చామంతికి దీర్ఘరాత్రులు కావలెను; అందుచేతనే అది చలికాలపు పూవు. రాత్రియంతయు విద్యుద్దీపము వెలుగుచుండు బాల్కనీలో చామంతి మొగ్గ తొడుగుటకు ఆలసించును. దానిని చీకటిచోటికి జరుపుటయే చికిత్స.

పారిజాతము నేలలో గాని, డాబాపై పెద్ద తొట్టిలో గాని పెరుగును. రాత్రి పూచి తెల్లవారుజామున రాలును. నేల రాలిన పూవు పూజకు తగదను నియమమునకు ఇది యొక్కటియే మినహాయింపని ఆచారము. రాత్రి చెట్టుక్రింద శుభ్రమైన గుడ్డ పరచినచో ఉదయమునకు చేయి తగులకయే పూలు సిద్ధము. మరువము, దవనము చిన్నకుండీలలోనే పెరుగును. మాలలో పూలనడుమ ఒకటి రెండు రెమ్మలు చేర్చినచో పరిమళము నిలుచును. జిల్లేడు, ఉమ్మెత్త శివార్చనకు ప్రసిద్ధములు. విష్ణ్వర్చనకు వాటిని వాడుట లేదు.

జాగ్రత్త వహింపవలసినవి

గన్నేరు పూజాపుష్పమే. కాని వేరు మొదలు పూవు వరకు సర్వాంగములందును విషము గలది; గుండెపై పనిచేయును. పచ్చగన్నేరు కాయలు మఱింత ప్రమాదకరములు. పసిపిల్లలు గల యింట, పశువులు మేయు చోట దీనిని పెంచకుండుట మేలు. ఆలయములలో మాలగా సమర్పించుటకును, ఇంటిలో తీర్థపాత్రలో వేయుటకును భేదమున్నది. గన్నేరుపూవును తీర్థమునందు గాని, నైవేద్యముపై గాని ఎన్నడును వేయరాదు. కేరళలో తిరువాంకూరు దేవస్వం బోర్డు 2024 మే మాసమున నైవేద్య ప్రసాదములలో గన్నేరుపూల వాడుకను నిలిపివేసి, తులసి మొదలగువానిని వాడుమని నిర్ణయించినది. తీర్థమునకు తులసియే సర్వోత్తమమని మన యిండ్లలో ఏర్పడిన ఆచారము ఎంత క్షేమకరమో దీనివలన తెలియుచున్నది.

కుండీల క్రింద పెట్టు పళ్లెములలో నీరు నిలిచినచో డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమ అందు గ్రుడ్లు పెట్టును. వారమున కొకసారియైన ఆ పళ్లెములను తుడిచి ఆరబెట్టవలెను. భగవత్కైంకర్యమునకై పెంచిన మొక్క ఇరుగుపొరుగునకు జ్వరకారణము గారాదు.

గదులలోని మొక్కలు

నేడు కూడలి గదులలో మనీప్లాంటు మొదలగు ఆకుమొక్కలను పెంచువారు అధికము. కిటికీ వెలుతురుతోనే బ్రదుకును గనుక అవి ఎండ లేని యిండ్లకు తగినవే. కాని మనీప్లాంటు, డీఫన్‌బేకియా ఆకులను నమిలినచో నోరు మండి వాచును. పాకు పిల్లలకు అందని యెత్తున నుంచవలెను.

ఈ మొక్కలు ఇంటిగాలిని శుద్ధి చేయునని ప్రచారము కలదు. 1989లో అమెరికా అంతరిక్షసంస్థ నాసా మూసిన చిన్నపెట్టెలలో చేసిన పరీక్షలే దీనికి మూలము. తెరచిన కిటికీ చేయు మేలును మొక్కలచే పొందవలెనన్నచో గది నేలయంతయు మొక్కలతో నిండిపోవలసివచ్చునని 2019లో ప్రచురితమైన సమీక్ష తేల్చినది. అట్లే తులసి రాత్రింబవళ్లు ప్రాణవాయువు నిచ్చునని చెప్పుదురు. వెలుతురున్నప్పుడే ఆకుపచ్చని మొక్కలు ప్రాణవాయువును తయారుచేయును. రాత్రివేళ అవియు మనవలెనే శ్వాసించును. తులసికి ఈ కల్పిత మహిమ అవసరము లేదు. విష్ణుప్రియ యన్న ఒక్క మాటయే దానికి చాలును. గాలికై కిటికీని తెరువుడు; భక్తికై తులసిని పెంచుడు.

కోయుట, అలంకరించుట

తెల్లవారుజామున చేతిలో సంచియు కొంకికఱ్ఱయు పట్టి, పరుల ప్రహరీమీదుగా కొమ్మలను వంచి పూలు దూయువారిని ప్రతి వీధిలోను చూచుచున్నాము. దేవునికే గదా యని వారి సమాధానము. అడుగకుండ తెచ్చిన పూవు అర్చనకు అర్హము గాదు. ఆ యింటివారు పూజవేళకు వచ్చి మోడైన కొమ్మను చూచి నొచ్చుకొన్నచో, ఆ నొప్పి మన పూజాద్రవ్యముతోపాటు స్వామి సన్నిధికి చేరును. అహింసయే భగవంతునికి సమర్పింపదగిన ఎనిమిది పుష్పములలో మొదటిదని పెద్దలు చెప్పిరి. ఇంద్రియనిగ్రహము, భూతదయ, క్షమ తరువాతివి. ఈ నాలుగింటిని తొక్కి తెచ్చిన బుట్టెడు మందారములకంటె మన కుండీలోని ఒక్క తులసిదళము గొప్పది. పొరుగువారి పూలు కావలసినచో అడుగవలెను. మన కొమ్మను వారికి నాటుటకు ఇయ్యవలెను.

మన మొక్కనుండియైనను అన్ని పూలను కోయరాదు. మూడింట ఒకవంతు కొమ్మపై విడిచినచో తేనెటీగకు ఆహారము, ఇంటికి శోభ. మొగ్గలను, పురుగు తిన్నవానిని, వాసన చూచినవానిని సమర్పింపరాదు. గోదాదేవి ధరించిన మాలను స్వామి ప్రీతితో గైకొన్నది ఆమె ప్రేమాతిశయముచేత. అది మనకు నియమము గాదు. మాలను అరటినారతో కట్టవలెను. ప్లాస్టిక్ దారముతో కట్టిన మాల నిర్మాల్యమైన పిమ్మట మట్టిలో కలియదు. స్వామి తిరుముఖమును కప్పునంత పూలు పెట్టుట అలంకారము గాదు. పాదములు, ముఖము దర్శనీయముగా నుండవలెను. మందిరమున కిరుప్రక్కల రెండు పచ్చని కుండీలుంచి, వారమున కొకసారి వానిని ఎండకు మార్చుచుండినచో ఏ కృత్రిమపుష్పములును అక్కరలేదు.

నిర్మాల్యమును కాలువలలో వేయక, మూతగల మట్టితొట్టిలో పొరకొక పిడికెడు మట్టి వేయుచు కప్పినచో రెండు మూడు నెలలలో చక్కని యెరువగును. తిరుమల తిరుపతి దేవస్థానము 2021లో వాడిన పూలతో అగరువత్తుల తయారీని ప్రారంభించినది. మన యింట నిర్మాల్యము మరల తులసికే ఎరువైనచో స్వామి సన్నిధినుండి వచ్చినది స్వామి సన్నిధికే చేరును.

పిల్లల పాలు

కైంకర్యమున ఇతరునికి పాలు ఇయ్యననుట అనంతాళ్వారు వంటి మహనీయునికి చెల్లినది. గృహస్థులమైన మనము మాత్రము పిల్లలచేతికి చెంబు నందింపవలెను. ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క కుండీ నొప్పగించి, వ్రేలితో మట్టిని పరీక్షించుట, ఆకు వెనుక పురుగును చూచుట, వెన్నును త్రుంచుట నేర్పవలెను. తాను పెంచిన మొక్క పూచిన దినమున ఆ పూవును స్వామి పాదములకడ నుంచిన బాలునికి భక్తి యనగా నేమో వేరుగ బోధింపనక్కరలేదు.

ఇక తులసి యెండిన దని దిగులు చెందు సోదరీమణులకు ఒక్క మాట. స్వామి మీపై అలుగలేదు. కుండీ రంధ్రమును చూడుడు, ఎండను చూడుడు, మట్టిని మార్చుడు, మరల నాటుడు. నాటిన ప్రతిసారియు మీ కైంకర్యము క్రొత్తగా ఆరంభమగుచున్నది. శ్రీ తులసీదేవి మీ గృహమున పచ్చగా నిలిచి, శ్రీనివాసుని కటాక్షమునకు మిమ్ము పాత్రులను చేయుగాక!